ఒక గుడ్డకి ఒకే తుడుపు

కరెంటు పని చేసేవాడికి భయం ఉండకూడదని అందరూ అంటారు. నన్నడిగితే భయం లేనివాణ్ణి సబ్‌స్టేషన్ గేటు దాటనివ్వకూడదు. నేను పుట్టు పిరికివాణ్ణి. చిన్నప్పుడు బొద్దింకకి జడిసి మంచమెక్కేవాణ్ణని మా అమ్మ ఇప్పటికీ పదిమందిలో చెప్పి నవ్విస్తుంది. అలాంటివాణ్ణి పదకొండు వేల వోల్టుల కేబుళ్ళకి కొసలు కట్టే పనిలో ఇన్నేళ్ళు బతికి బట్టకట్టానంటే అదంతా పిరికితనం చలవే. ఒక్కసారి మాత్రం ఆ భయాన్ని పనికి వాడుకోకుండా కడుపులో దాచుకున్నాను. నలభై మూడు రోజులు దాచుకున్నాను. ఎవడి ప్రాణం మీదికి తెచ్చానో వాడితో రోజూ ఫోన్లో మాట్లాడుతూనే దాచుకున్నాను.

ఈ కొస కట్టడం అంటే ఏమిటో ముందు చెప్పాలి. భూమిలో పాతిన కేబుల్‌తో ఏ గొడవా లేదు. అది పైకి వచ్చి ప్యానెల్‌కి తగులుకునే చోటే ప్రమాదం. మధ్యలో అల్యూమినియం తీగ. దాని చుట్టూ మందంగా తెల్ల పొర, అదే కరెంటుని లోపల పట్టి ఉంచేది. ఆ తెలుపు మీద పలచగా నల్ల పొర, దాని మీద రాగిరేకు, ఆపైన ఇనుప కవచం. కొస దగ్గర పై పొరలన్నీ ఒలిచి, జానెడు మేర తెల్ల పొర బయటపెట్టాలి. నలుపు ఆగిపోయి తెలుపు మొదలయ్యే ఆ అంచు దగ్గర కరెంటు ఒత్తిడంతా పోగుపడుతుంది. అందుకే ఆ అంచు మీద జిగురు టేపు చుట్టి, గొట్టం తొడిగి, మంటతో కాచి బిగదీస్తాం. ఆ గొట్టం కింద తెల్ల పొర మీద చాకు గాటు పడినా, గాలిబుడగ చిక్కినా, నల్ల పొర తాలూకు నుసి వెంట్రుకంత మిగిలినా అక్కణ్ణుంచి లోలోపల కాలడం మొదలవుతుంది. ఆరోజే పేలదు. నెలకో రెండు నెలలకో, ఎవడో స్విచ్ తిప్పుతున్నప్పుడు పేలుతుంది.

నాకు ఈ పని నేర్పినాయన నెల్లిమర్ల పక్క పల్లెలో రైతు. రెండెకరాల్లో వరి, మెట్టలో గోగు వేసేవాడు. వ్యవసాయం లేని నెలల్లో కేబుల్ పని. మాది గజపతినగరం, బాప్టిస్టు సంఘంలో పుట్టిన కుటుంబం. ఆయనకీ మాకూ ఏ చుట్టరికమూ లేదు. అయినా మొదటిరోజే "ఏరా అల్లుడా, సద్దికూడు తెచ్చుకున్నావేటి?" అన్నాడు. అంతే, ఆయన నాకు మావ, ఆయన భార్య అత్త, వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు నన్ను "బావ" అనడం మొదలెట్టాడు. నోటితో కట్టుకున్న వరసలే గానీ మా సొంత మేనమామ ఇంట్లో కంటే వాళ్ళింట్లోనే ఎక్కువ తిన్నాను.

చాకు పట్టడం మావ నాకు తాటిముంజెల మీద నేర్పాడు. ముంజె మీది గోధుమరంగు తొక్క తీయాలి, లోపలి నీరు చుక్క కారకూడదు. కారితే ఆ ముంజె నేను తినకూడదు, ఆయన తినేవాడు. మొదటి వేసవంతా ఆయనే తిన్నాడు. "నీ దయవల్ల నా కడుపు సల్లగున్నాదిరా" అని వెక్కిరించేవాడు. టేపు చుట్టడం కూడా అంతే. సగం మీద సగం పడేలా చుట్టాలి, లాగి చుట్టాలి, ఆఖరి చుట్టు మాత్రం లాగకుండా ఊరికే వాల్చాలి, లాగితే కొస తిరిగి విడిపోతుంది. తప్పుగా చుడితే ఏమీ అనకుండా మొత్తం విప్పించేవాడు.

అన్నిటికంటే గట్టి పట్టింపు గుడ్డ దగ్గర. గొట్టం తొడిగేముందు తెల్ల పొరని జిడ్డు వదిలించే మందులో తడిపిన గుడ్డతో తుడవాలి. తీగ కొస నుంచి నలుపు వైపు, ఒకే తుడుపు. గుడ్డ నలుపుని తాకిందా, దాని ఆయువు అక్కడితో సరి. వెనక్కి రాకూడదు. వస్తే ఆ నుసిని తెలుపు మీదికి ఈడ్చుకొస్తుంది. కంటికి కనపడదు, కరెంటుకి కనపడుతుంది. "ఒక గుడ్డకి ఒకే తుడుపురా. ఇల్లు అలికినట్టు అటూ ఇటూ తిప్పినావంటే సేతులిరగ్గొడతాను" అనేవాడు. అలా అన్నప్పుడల్లా చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించేవాడు. మోచేతి నుంచి మెడ దాకా చర్మం ముడతలు పడి, కాలిన అప్పడంలా ఉండేది. వేరెవరో కట్టిన కొస ఆయన ముందు పేలింది. కట్టినవాడు వేరు, కాలినవాడు వేరు. ఆ మచ్చ చూసినప్పుడల్లా చేతిలో గుడ్డ పారేసి కొత్తది తీసుకునేవాణ్ణి.

మావకి ఇంకో అలవాటుంది. పనంతా అయ్యాక, గొట్టాలు చల్లారాక, చేతులు సబ్బుతో కడుక్కుని, కేబుల్ పట్టి ఉంచే ఇనుప గ్లాండు మీద మూడు పసుపు బొట్లు పెట్టి దణ్ణం పెట్టేవాడు. కింద, ఇనుము మీద మాత్రమే. నేను ఆ కాసేపూ పక్కకి తిరిగి నిలబడేవాణ్ణి. మా అమ్మ తలనొప్పి మాత్ర కూడా ప్రార్థన చేసి మింగే మనిషి, నేను బొట్లు పెట్టడమేమిటి! కానీ మావ పోయాక మొదటి పని ముగించినప్పుడు ఆ గ్లాండు బోసిగా కనిపించింది. పక్క టీ కొట్టులో ఇంత పసుపు అడిగి నేనే పెట్టాను. దేవుడికి సంజాయిషీ నేనే చెప్పుకుంటానులే అనుకున్నాను. అప్పట్నుంచి ఏ పనికీ మానలేదు.

మావ పోయిన ఏడాదికి అత్త నన్ను పిలిపించింది. "అల్లుడా, ఈడికి పొలం అచ్చిరాదు. మీ మావ పని నేర్పనంటే నేర్పను అన్నాడు, ఆ కాలిన సెయ్యి సూసుకుని. ఏదైనా కూకునే పని సూడు. నీ కళ్ళకాడ ఉంటే నాకు ధైర్యం" అంది. నౌపడ దగ్గర మంచినీళ్ళ పంపుహౌస్ కడుతున్నారు అప్పుడు. రాష్ట్రం విడిపోయిన రెండో వేసవి. ఆ ఉప్పుమళ్ళ చుట్టుపక్కల ఏ బావి తవ్వినా నోట పెట్టుకోలేని నీళ్ళే. కాంట్రాక్టరుతో మాట్లాడి వాణ్ణి అక్కడ ఆపరేటర్‌గా పెట్టించాను. పని ఏమిటయ్యా అంటే పొద్దున్న ఆరింటికి ప్యానెల్ ముందు నిలబడి స్విచ్ పిడి తిప్పడం, సాయంత్రం దింపడం. ఆ ప్యానెల్ కింద, సరిగ్గా వాడి మోకాళ్ళ ఎత్తున, రేకు పెట్టెలో మూడు కేబుల్ కొసలు, ఒక్కో ఫేజుకి ఒకటి. అవి కట్టాల్సింది నేను.

ఆ రోజు ఎండకి పంపుహౌస్ రేకులు టపటపమంటున్నాయి. ఉప్పుమళ్ళ మీంచి గాలి వస్తే పెదాలు ఉప్పగా అయ్యేవి. కిటికీలకి తడి గోనెపట్టాలు కట్టించాను. బయట మూడు ఊళ్ళ ఆడవాళ్ళు బిందెలు వరసలో పెట్టి కూర్చున్నారు. లోపల ఇంజనీరు గారు ఐదు నిమిషాలకోసారి వాచీ చూస్తున్నారు. ఎర్ర ఫేజు అయింది, పచ్చ ఫేజు అయింది. నీలం ఫేజు తెల్ల పొర తుడిచి, జిగురు టేపు కోసం పక్కకి వంగాను.

తల ఎత్తేసరికి మావ కొడుకు నా పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో ఆకు దొన్నె, దాన్నిండా తడి పసుపు, వాళ్ళమ్మ ఇంటి దగ్గర్నుంచి పంపింది. బొటనవేలితో ఆ తుడిచిన తెలుపు మీద ఇంత బొట్టు పెట్టేశాడు.

"ఓరి నీ సేతులిరిగిపోను! ఏటి సేసినావురా!" అని ఒక్క అరుపు అరిచాను.

వాడు బిత్తరపోయాడు. "మా నాన్న ఎట్టేవోడు కదా బావా... కొత్త కేబులుకి పసుపు ఎట్టకుండా ఒగ్గీకూడదని..."

పాపం, వాడు చూసింది పసుపు ఒక్కటే. ఎప్పుడు పెడతారో, ఎక్కడ పెడతారో మావ చెప్పలేదు. పని నేర్పనన్న మనిషి అలవాటు మాత్రం ఇంట్లో వదిలిపోయాడు.

అప్పుడు నేనేం చెయ్యాలి? లేచి, బయట జీపులో ఉన్న సంచీలోంచి కొత్త గుడ్డ తెచ్చుకోవాలి. తెల్ల పొరని మళ్ళీ గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ తుడవాలి. పావుగంట పని. ఇంజనీరు గారు "ఏమయ్యా, ఇంకెంతసేపు? జనం కొట్టేలా ఉన్నారు" అన్నారు. నా మోకాలి మీద పచ్చ ఫేజు తుడిచిన గుడ్డ ఉంది. అది తీసుకున్నాను. పైకీ కిందకీ, కిందకీ పైకీ, సరిగ్గా ఇల్లు అలికినట్టే రుద్దాను. పసుపు పోయింది. తెలుపు తెల్లగా కనిపించింది. జిగురు టేపు చుట్టేశాను, గొట్టం తొడిగేశాను, మంట పెట్టేశాను.

తెల్ల పొర పట్టు ఎంతుందో కొలిచే మెగ్గరుతో పరీక్షిస్తే, అంతా బాగుందన్నట్టు ముల్లు చివరిదాకా పోయింది. ఇలాంటి పాపాలు మెగ్గరుకి పట్టుబడవని తెలిసీ ఆ ముల్లుని చూసి సంతోషించాను. చేతులు కడుక్కుని గ్లాండు మీద మూడు బొట్లు పెట్టాను. మావ కొడుకు పిడి తిప్పాడు. మోటారు మూలిగి అందుకుంది, బయట గొట్టంలోంచి నీళ్ళు దూకాయి, ఆడవాళ్ళు కేకలు పెట్టారు. ఒక ముసలమ్మ తొలి బిందె నీళ్ళు నా కాళ్ళ మీద పోసింది.

సాయంత్రం ఇంటికొచ్చి సంచీ దులిపితే ఆ గుడ్డ బయటపడింది. ఒక పక్క పసుపు మరక. దాని కిందా మీదా నల్లటి చారలు. అప్పటిదాకా మనసులో ఒక మూల నలుగుతున్న అనుమానం ఆ గుడ్డ చూశాక ఖాయమైపోయింది. పెరట్లో దాన్ని పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. "అదేంటి, పెళ్ళివారి చేతిగుడ్డా, అంత ఇదిగా చూస్తున్నారు?" అని మా ఆవిడ నవ్వింది. ఏమీ లేదన్నాను. మడిచి సంచీ అడుగున పెట్టేశాను. పారెయ్యాలనీ అనిపించలేదు, చూడాలనీ అనిపించలేదు.

మర్నాడు పొద్దున్న ఆరు దాటగానే వాడికి ఫోన్ చేశాను.

"ఏరా, బాగున్నావా?"

"బాగున్నాను బావా. ఇప్పుడే ఏసినాను. నీల్లు జోరుగా ఎల్తన్నాయి."

హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య మర్నాడు పొద్దున్న ఐదింటికల్లా అయిపోయేది. మళ్ళీ ఆరయ్యేదాకా గడియారం వంక చూపులు, మళ్ళీ ఫోన్, మళ్ళీ "బాగున్నావా?". వాడికి ఎంత ముచ్చటో! "మా బావ రోజూ ఫోన్ సేత్తాడు, సొంత బావలైనా అడగరు" అని వాళ్ళమ్మతో చెప్పుకున్నాడట. అత్త నాకు ఫోన్ చేసి "నీ కడుపు సల్లగుండ అల్లుడా" అని దీవించింది. ఆ దీవెన విని అన్నం సహించలేదు నాకు.

ఇంట్లో పోపులో ఆవాలు చిటపటమంటే ఉలిక్కిపడేవాణ్ణి. కొస లోపల కాలడం మొదలైతే మొదట వచ్చే చప్పుడు అదే. ఒకరోజు కుక్కరు ఈల వేస్తే "ఆపు దాన్ని!" అని మా ఆవిడ మీద గయ్యిమన్నాను. ఆదివారం సంఘంలో మోకాళ్ళ మీద ఉన్నా నా చెవులు నౌపడ వైపే. కళ్ళు మూసుకుంటే మావ మెడ మీది ఆ కాలిన చర్మం కనిపించేది, కాకపోతే అది కొడుకు మెడ మీద ఉండేది.

చెప్తే పోయేదిగా అంటారు. చెప్పడానికి నోరెక్కడిది? ఈ రెండు జిల్లాల్లో కొస కట్టాలంటే ముందు నన్నే పిలుస్తారు. మావ శిష్యుడు, గాటు పడనివ్వడు అని పేరు. ఆ పేరు పోతుందని భయం. వాడు కాలిపోతాడని భయం. ఈ రెండు భయాల్లో ఏది పెద్దదో ఎవరినైనా అడిగితే చెప్తారు. నాకు మాత్రం నలభై మూడు రోజులు తెలీలేదు. పైగా మెల్లగా ఒక వాదన అల్లుకున్నాను. పసుపు పూసిందెవడు? వాడు. తడి పసుపు, అందులో నీళ్ళు, ఉప్పుగాలి. ఏమైనా అయితే ఆ పసుపు వల్లే అవుతుంది. నేను తుడిచి మేలే చేశాను. రోజుకి పదిసార్లు ఇలా అనుకునేసరికి సగం నిజమే అనిపించింది. దొంగకి కూడా తన దొంగతనానికో కారణం ఉంటుంది కదా!

జ్యేష్ఠం పోయి వానలు పట్టాయి. తడి గాలి అంటే కొసలకి గిట్టదు. ఒక సాయంత్రం ముసురులో వాడే ఫోన్ చేశాడు. ఆ మాటా ఈ మాటా చెప్పి, "బావా, పంపుహౌసులో బ్లీచింగు వాసనకి కళ్ళు మండిపోతన్నాయి" అన్నాడు.

"నీళ్ళలో కలుపుతారు కదరా, రాకేం చేస్తుంది?"

"అదే సిత్రం బావా. బ్లీచింగు బస్తాలయిపోయి పది రోజులైనాది. కొత్తవి రానేదు. అయినా వాసనొస్తంది. పొద్దున్న పిడి ఏసిన కాడ్నుంచి మొదలు. పెట్టి కాడ సీమలు పాకినట్టు సన్నగా సప్పుడు కూడా ఉన్నాది."

టీ గ్లాసు కింద పెట్టేశాను. గాలి కరెంటుకి కాలితే వచ్చే వాసన అచ్చం బ్లీచింగు వాసనలాగే ఉంటుంది. బస్తాలున్నన్నాళ్ళూ అది వాటి చాటున దాక్కుంది.

"రేపు స్విచ్ వెయ్యకు," అన్నాను. "నేనొస్తన్నాను. వచ్చేదాకా ముట్టుకోకు. ఇన్నావా?"

"ఎందుకు బావా? ఏటైనాది?"

చెప్పడానికి నోరు తెరిచాను. లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు. వాడు విన్నాడో లేదో తెలీదు. ఇంజనీరు గారి నంబరు నా దగ్గరుంది. చేశాను. మూడో రింగుకి ఎత్తారు. "ఏమయ్యా?" అన్నారు. ఎందుకు ఆపాలో చెప్పాలిగా ఇప్పుడు? "ఏం లేదు సార్, పొరపాటున తగిలింది" అని పెట్టేశాను. నా బతుకులో నేను చేసిన పనులన్నిట్లో నీచమైనది ఆ ఫోను. ఆ గుడ్డ కూడా కాదు.

పొద్దున్నే విజయనగరంలో బండెక్కాను, కొత్త కిట్టు, సంచీ ఒళ్ళో పెట్టుకుని. శ్రీకాకుళం రోడ్డు స్టేషను రాకముందే ఆరయింది. వాడు పిడి ముందు నిలబడే వేళ. ఫోను కలవడం లేదు. ఎదుటి సీట్లో ఒకామె పిల్లకి పకోడీలు పెడుతోంది. నాకు చెమటలు పడుతుంటే "ఒంట్లో బాగోలేదా నాయినా, నీల్లు తాగు" అని సీసా ఇచ్చింది. తాగలేకపోయాను. తిలారు దగ్గర బండి క్రాసింగుకి ఆగింది. అక్కడ ఎంతసేపు ఆగిందో, ఆ ఆగినంతసేపూ నేను దేవుడితో ఎలాంటి బేరాలాడానో రాయడం నాకిష్టం లేదు.

నౌపడలో దిగి ఆటోలో పంపుహౌస్ మలుపు దాకా వెళ్ళి అక్కడ దిగి పరిగెత్తాను. మోటారు చప్పుడు వినిపించలేదు. వెయ్యలేదా, పేలి ఆగిపోయిందా? ఆ రెంటికీ ఒకే నిశ్శబ్దం. కాళ్ళు బురదలో జారుతున్నాయి. గేటు దగ్గర బిందెలు, జనం, కేకలు. ఇక అయిపోయింది అనుకున్నాను.

వాడు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నిక్షేపంగా ఉన్నాడు. ఎదురుగా ఇంజనీరు గారు గొడుగు కింద నిలబడి తిడుతున్నారు. "ఎవడో చెప్పాడని పంపు ఆపుతావా? రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!"

"ఉజ్జోగం తీసీండి బాబూ. మా బావ ఒద్దన్నాడు. బావ ఊరికినే ఒద్దనడు," అంటున్నాడు వాడు.

నన్ను చూసి వాడి మొహం వెలిగింది. నాకు ఏడుపొచ్చింది. ఇంజనీరు గారు నా వైపు తిరిగి, "ఏమయ్యా, ఏమిటిది? కారణం చెప్పు" అన్నారు. జనమంతా నా మొహమే చూస్తున్నారు.

నలభై మూడు రోజులు వల్లించిన అబద్ధం నా ప్రమేయం లేకుండానే బయటికొచ్చింది. "నీలం ఫేజు కొస కాలుతోంది సార్. కట్టేటప్పుడు వీడు తడి పసుపు పూశాడు. దాని వల్లే."

 వాడు తల దించుకున్నాడు. "నానే... తెలీక ఎట్టినాను బాబూ" అన్నాడు మెల్లిగా.

సబ్‌స్టేషన్‌కి చెప్పి లైను ఆపించాం, ఎర్తు రాడ్డు తగిలించి కేబుల్లో మిగిలిన కరెంటు దింపాం. పెట్టె తలుపు తీస్తే ఆ ఘాటు మొహాన కొట్టింది. నీలం ఫేజు గొట్టం మొదట్లో తెల్లటి బూజులాంటి పొడి. ఇంజనీరు గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. నేను కూర్చుని గొట్టం నిలువునా కోసి విప్పాను. వాడు టార్చి పట్టుకుని నా భుజం మీంచి వంగి చూస్తున్నాడు.

నలుపు అంచు నుంచి తెల్ల పొర మీదికి నల్లటి గీతలు పాకి ఉన్నాయి, గడ్డివేళ్ళలా. పైకీ కిందకీ. సరిగ్గా నా గుడ్డ నడిచిన దారినే. ఒకటి మరీ లోతుకి దిగింది అనను, కానీ గోరు పెడితే గోరు దిగబడింది. ఇంకెన్ని పొద్దులు ఆగేదో నాకు తెలీదు. ఆ తెలుపు మీద ఎక్కడా పసుపు రవ్వంత కూడా లేదు.

వాడు టార్చి దగ్గరికి తెచ్చాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. నిజంగానే వెతికాడు, తన తప్పు ఎలా ఉంటుందో చూద్దామని.

"పసుపు ఏది బావా?" అన్నాడు.

ఇంక నా వల్ల కాలేదు. సంచీ అడుగు నుంచి ఆ గుడ్డ తీసి వాడి చేతిలో పెట్టాను. "పసుపు తుడిస్తే పోయిందిరా. ఈ నుసి నేను ఈడ్చింది. కొత్త గుడ్డ తెచ్చుకోడానికి బద్ధకించి, వాడేసిన గుడ్డతో రుద్దాను. మీ నాన్న నూరుసార్లు చెప్పిన మాట అది. తప్పు నీది కాదు, నాది" అన్నాను. ఇంజనీరు గారికి వినిపించేలాగే అన్నాను. 

వాడు గుడ్డ వంక చూశాడు. "ఎప్పుడు తెలిసినాది?"

"ఆ సాయంత్రమే."

"మరి రోజూ పొద్దున్నే ఫోన్ సేసి, బాగున్నావా అని అడిగినావు..." అని గుడ్డ మడిచాడు. "నా మీద పేమ అనుకున్నాను," అన్నాడు.

ప్రేమేరా అని చెప్పాలనిపించింది. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

కేబుల్ కందకంలో మావ పద్ధతి ప్రకారం ఒక చుట్టు ఎక్కువే వదిలాను కాబట్టి, కొసలు కోసి మూడూ మొదట్నుంచి కట్టగలిగాను. వాడు పక్కనే కూర్చున్నాడు. ఫేజుకో కొత్త గుడ్డ తడిపి అందించాడు, నేను ఒక్క తుడుపు తుడిచి పారేశాను. టేపు ఆఖరి చుట్టు లాగకుండా వాల్చాను. మధ్యాహ్నం దాటింది. ఎవరూ తొందరపెట్టలేదు. గొట్టాలు చల్లారాక వాడు లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కొచ్చాడు. కిందకి వంగి, ఇనుప గ్లాండు మీద మూడు బొట్లు పెట్టాడు. ఎక్కడ పెట్టాలో ఎప్పుడు పెట్టాలో ఇప్పుడు వాడికి తెలుసు.

లైను ఇచ్చారు. అలవాటు కొద్దీ వాడు ప్యానెల్ ముందుకెళ్ళాడు. పిడి మీద చెయ్యి వేసి, తీసేశాడు. వెనక్కి తిరిగి నా వైపు చూశాడు.

"ఇయ్యాల మీరెయ్యండి, మేస్త్రిగారూ."

వెళ్ళి వాడు నిలబడే చోట నిలబడ్డాను. రేకు పెట్టె నా మోకాళ్ళకి ఆనుకుని ఉంది. పని బాగా చేశానని తెలుసు, అయినా చెయ్యి ఆడలేదు. నలభై మూడు పొద్దులు వాడు ఇక్కడే, నా ఫోను రాబోతోందని నవ్వుకుంటూ నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని తిప్పాను. మోటారు అందుకుంది. బయట నీళ్ళ చప్పుడు, ఆడవాళ్ళ కేకలు.

వాడి ఉద్యోగం పోలేదు. నా పేరూ అనుకున్నంత పోలేదు, నాలుగు నెలలు పనులు తగ్గి మళ్ళీ వచ్చాయి. ఆ కొసలు ఇప్పటికీ చల్లగా ఉన్నాయి. పొద్దున్న ఆరు దాటాక ఇప్పటికీ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాను, ఇప్పుడు నిజంగా వాడి కోసమే. ఎత్తుతాడు. ఎత్తడం మానలేదు.

"బాగున్నావా?" అంటాను.

"బాగున్నానండి," అంటాడు.